ప్రయోగం నంబరు ఏడు: గట్టిమేళం

పేరి పేర్రాజు మాస్టారి ఒంట్లో పనికొచ్చే అవయవం ఒక్కటే, కుడిచేతి చూపుడువేలు. ఈ మాట ఆయన భార్య అన్నది కాదు, ఆయనే అన్నాడు. ఆవిడ ఆ ఒక్కటి కూడా ఒప్పుకోలేదు.

మాస్టారు మురారిలంక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడు. ముహూర్తాలున్న రోజుల్లో పురోహితుడు. బడిలో ఆ వేలు ఎంతసేపు ఆడించినా వెనక బెంచీ ఖాతరు చేసేది కాదు. అదే వేలు పెళ్లిపందిట్లో గాల్లోకి లేపి రెండుసార్లు ఆడించి "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నాడంటే మాత్రం సన్నాయీ డోలూ ఒక్కసారిగా విరుచుకుపడేవి, మూడొందలమంది లేచి అక్షింతలు విసిరేవారు. తాళి కట్టే ఆ క్షణంలో ఎవరు తుమ్మినా, ఎవరు ముక్కు చీదినా, పెళ్లికొడుకు మేనమామ వంటవాణ్ణి తిట్టినా వధూవరుల చెవిన పడకూడదు. అందుకే గట్టిమేళం. ఆ తర్వాత జనమంతా భోజనాల వరసలోకి పరిగెత్తేవారు. "పేరులో రాజుని, బడిలో బంట్రోతుని, పందిట్లో సేనాపతిని" అని మాస్టారు తన మీద తనే జోకు వేసుకునేవాడు. పిల్లలు నవ్వేవారు కాదు. ఆయన జోకులకు పిల్లలు నవ్వకపోవడం మురారిలంకలో పాతికేళ్లుగా వస్తున్న ఆచారం.

ఆ వేలికి అవతల జోడీ సన్నాయి ధర్మయ్య. ఇరవై రెండేళ్లుగా ఆ వేలు లేవడం, ఈయన ఊదడం. మూడేళ్లుగా ధర్మయ్య పక్కన ఆయన మనవరాలు పల్లవి కూడా కూర్చుని వాయిస్తోంది. రాగం ఎంత మంచి పట్టులో ఉన్నా ఒక కన్ను పంతులుగారి వేలి మీదే ఉండాలి. వేలు లేచిందా, ఎక్కడున్న రాగాన్ని అక్కడ తెంపేసి గట్టిమేళం అందుకోవాలి. "ఊదడం మూడేళ్లకి వత్తాదే. వేలు సూడ్డానికి ఇంకో మూడేళ్లు" అనేవాడు ధర్మయ్య. పల్లవికి రెండూ ఒక్క మూడేళ్లలోనే వచ్చేశాయి.

ఆ పిల్ల పదో తరగతికి వచ్చిన ఏడాదే బడికి 'భవితాన్వేషణ' వచ్చింది.

సర్క్యులర్‌లో ఇలా ఉంది: "పదవ తరగతి విద్యార్థి ప్రతి ఒక్కరూ తన భవితను తానే అన్వేషించుకొని, దొరికిన వెంటనే ప్రధానోపాధ్యాయులకు లిఖితపూర్వకముగా అప్పగించవలెను." బస్సులో మరిచిపోయిన గొడుగు గురించి రాసినట్టుంది అనుకున్నాడు మాస్టారు. దీనికి బాధ్యుడిగా 'నోడల్ అధికారి' ఒకరు కావాలని స్టాఫ్ మీటింగులో హెచ్చెమ్ దమయంతి గారు అడగ్గానే ఉపాధ్యాయులందరూ బూట్ల లేసులు కట్టుకోవడానికి ఒంగారు. మాస్టారు చెప్పులేసుకొచ్చాడు. ఒంగడానికి కారణం దొరక్క దొరికిపోయాడు.

పిల్లలందరూ తమ భవితను కాగితాల మీద అప్పగించారు. యాభై ఎనిమిది మంది సాఫ్ట్‌వేరు, పదకొండు మంది పోలీసు, ఒకడు "మా నాన్న చెప్పలేదు" అని రాశారు. పల్లవి మాత్రం ఇలా రాసింది: "సన్నాయి కచేరీ. జనం ముందు. మధ్యలో ఎవరూ ఆపకుండా."

మాస్టారు ఆ చివరి వాక్యం చదివి వేలు మడుచుకున్నాడు.

జిల్లాకొక్క సీటు ఉందిట. సంగీత కళాశాలలో రెండేళ్ల చదువు, హాస్టలు, నెలకో కచేరీ. భవితాన్వేషణలో సంగీతం ఎంచుకున్నవాళ్లలో మొదటివారికి అది ఇస్తారు. "నీకు కాకపోతే ఎవరికొస్తుందమ్మాయ్!" అన్నాడు మాస్టారు. అని ఊరుకుంటే ఈ కథే లేదు. నోడల్ అధికారి అన్న రబ్బరు స్టాంపు కొత్తగా చేయించుకున్నాడు, దాన్ని ఎక్కడో ఒకచోట గుద్దాలని ఆయన చెయ్యి దురదపెట్టింది. పాతికేళ్ల సర్వీసులో మొదటిసారి పై ఆఫీసుకి ఉత్తరం రాశాడు: "సన్నాయి శబ్దము చేయు వాయిద్యము. పాఠశాల ఆవరణ నిశ్శబ్ద మండలము. తగు సూచనలు ఇవ్వగలరు."

పద్దెనిమిది నెలల నుంచి బడి మరుగుదొడ్డి తలుపు గురించి దమయంతి గారు రాస్తున్నా ఉలకని ఆఫీసు, దీనికి నాలుగో రోజున జవాబిచ్చింది: "సంగీత ప్రదర్శనను, శబ్దము మినహా, తక్కిన సమస్త అంగములతో యథాతథముగా నిర్వహించవలెను. ఇందుకు భౌతికశాస్త్ర ప్రయోగముల రికార్డు పుస్తకమును నమూనాగా స్వీకరించవలెను. చప్పట్లు కూడా అరచేతులు తగలకుండా కొట్టవలెను."

"చూశారా మాస్టారూ" అంది దమయంతి గారు కాగితం చేతికిస్తూ, "మీరు అడక్కపోతే ఆ పిల్ల హాయిగా ఊదుకునేది."

"విద్యాలయం, కార్యాలయం, న్యాయాలయం... అన్నింట్లోనూ లయ ఉందండి మేడమ్, ఎక్కడా వినబడదు" అన్నాడు మాస్టారు, పరిస్థితిని తేలిక చెయ్యబోయి.

ఆవిడ నవ్వలేదు. టీచర్లు కూడా ఆచారం పాటిస్తున్నారు.

మర్నాటినుంచి పల్లవి చేత మాస్టారు రికార్డు రాయించసాగాడు. ఎడమ పేజీలో సన్నాయి బొమ్మ, పెన్సిలుతో, భాగాలు గుర్తించి. కుడి పేజీలో ప్రయోగం.

"ఉద్దేశం: మోహన రాగమును ఆలపించుట. పరికరాలు: సన్నాయి ఒకటి, ఊపిరి తగినంత. విధానం: తొలుత సన్నాయిని నోటియందు ఉంచడమైనది. పిదప ఊదడమైనది. పరిశీలన: శ్రోతలు తలలు ఊపడమైనది. ఫలితం: ఆనందం కలగడమైనది. జాగ్రత్తలు: పంటికి తగలకుండా చూచుకొనవలెను."

పల్లవి కలం ఆపింది. "మాస్టారండీ, ఊదకుండానే ఆనందం కలిగిందని ఎలా రాస్తానండీ?"

"కలిగిందని రాయకమ్మా. కలిగింది అంటే ఎవరికి అని అడుగుతారు. కలగడమైనది అను. ఎవరూ అడగరు. పాతికేళ్లుగా నేను జీతం తీసుకుంటున్నది ఆ ధైర్యంతోనే."

నెలకోసారి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు వచ్చేవాడు. ఆయన పేరు మృత్యుంజయరావు, జూనియర్ కాలేజీలో ఫిజిక్సు. సంగీతానికి మనిషి దొరక్క ఆయన్ని వేశారు. మనిషి నిజాయితీపరుడు, అదే చిక్కు. పల్లవి రికార్డు తిప్పి, కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"మోహన ఎన్నిసార్లు ఊదావు?"

"ఒక్కసారేనండి."

"ఒక్కసారి ఊదితే అది మోహనే అని నేనెలా నమ్మాలి? గాలివాటుగా వచ్చి ఉండొచ్చుగా? ఏ ప్రయోగానికైనా మూడు రీడింగులు తియ్యాలి. సగటు వెయ్యాలి."

మాస్టారు ఆ సాయంత్రమే పల్లవిని కూర్చోబెట్టి మోహనకి సగటు వేయించాడు. అలా ఒక నెలలో ఆరు రాగాలు పూర్తయ్యాయి. వాయిద్యం కాస్తా వాయిదా పడింది.

ఒకరోజు మాస్టారు బడి నుంచి సైకిలు తోసుకుంటూ వస్తుంటే ధర్మయ్య ఎదురుపడ్డాడు. భుజాన సన్నాయి సంచీ లేదు.

"పంతులుగారండీ, మా పిల్ల సన్నాయి తీసి ఇరవై రోజులైందండి."

"చదువుకుంటోందిగా ధర్మయ్యా."

"సదువా అది? పొద్దుగూకులూ స్కేలెట్టి గీతలు గీత్తంది. మొన్న దొమ్మేటోరింట్లో ఓణీల ఫంక్షనుంది, రావే అంటే ఏవందో తెల్సాండీ? 'మోహన కిందటి వారమే రాసేశాను తాతా' అంది."

మాస్టారు సైకిలు బెల్లు సవరించుకున్నాడు. దానికి ఏ లోపమూ లేదు.

"ఈసారి పెళ్లికి మీరూ అలాగే సెయ్యండి" అన్నాడు ధర్మయ్య. "మంతరాలన్నీ పుస్తకంలో రాసిచ్చేసి ఇంటికెల్లిపోండి. నేను రాసిచ్చేసి మీ ఎనకాలే వత్తాను. ఆళ్లిద్దరూ ఏదో ఒకటి కట్టుకుంటారు."

ఇంటికెళ్లి మాస్టారు ఈ మాట భార్యకి చెప్పాడు. ఆవిడ మొదటిసారి ఒక జోకుకి నవ్వింది. అది ధర్మయ్య జోకు.

చివరి ప్రయోగం, నంబరు ఏడు, కల్యాణి. పల్లవి ఇది తనే రాసుకొచ్చింది. మాస్టారు చదివాడు: "ఆలాపన నాలుగవ నిమిషమున పంతులుగారి వేలు లేవడమైనది. ఆలాపన ఆగడమైనది." ఆ కింద పరిశీలన ఖాళీ. ఫలితం ఖాళీ.

"ఇదేంటమ్మాయ్?"

"నిజమేనండి. కల్యాణి ఎప్పుడు ఎత్తుకున్నా నాలుగో నిమిషంలో మీ వేలు లేస్తుందండి. ఇంట్లోనైతే చివరిదాకా ఊదుకుంటాను. జనం ముందు ఎప్పుడూ అవలేదు. పరిశీలనలో జనం ఏం చేశారో రాయాలి కదండీ. నేను చూళ్లేదుగా."

"ఏదో ఒకటి... తలలు ఊపడమైనది అని రాసేయ్."

"మిగతా ఆరూ మీరు చెప్పినట్టే రాశానండి మాస్టారూ. ఇదొక్కటీ రాయనండి."

మాస్టారు సంతకం పెట్టి స్టాంపు గుద్దాడు.

ఇంతలో ఆయన ఉత్తరం పైన ఇంకా ఎత్తుకు పాకింది. శబ్దం లేకుండా సంగీతం నేర్పే పద్ధతికి 'మురారిలంక నమూనా' అని పేరు పెట్టి జిల్లా అంతటా అమలు చేశారు. ఎంపిక సభ కూడా మురారిలంకలోనే జరపాలని, జాయింట్ డైరెక్టరు గారే వచ్చి సీటు ఎవరికో తేలుస్తారని కబురొచ్చింది. పనికిరాని పనికి ఊరి పేరు పెట్టించిన ఘనత తనదేనని మాస్టారు గ్రహించాడు. ఎవరూ ఆయన్ని తిట్టలేదు, సన్మానిస్తామన్నారు. అదింకా బాధగా ఉంది.

ఆ రోజు పొద్దున్నే బడి ముందు షామియానా లేచింది. టెంటుహౌసువాడి దగ్గర మామూలు కుర్చీలు అయిపోతే వేదిక మీదకు ఎర్ర వెల్వెట్టు పెళ్లికుర్చీలు రెండు పంపాడు. జె.డి. గారి మీద చల్లడానికి ఎనిమిదో తరగతి ఆడపిల్లలు పళ్లేల నిండా బంతిరేకలు తుంచి దారికి అటూ ఇటూ నిలబడ్డారు. జె.డి. గారు రెండు గంటలు ఆలస్యంగా, వెనకగేటు నుంచి వచ్చారు. రేకలు పళ్లేల్లోనే ఉండిపోయాయి. నిలబడి కాళ్లు నొచ్చి పిల్లలు పళ్లేలు జనానికి ఇచ్చేసి కూర్చున్నారు. వంటపాక నుంచి పులిహోర వాసన సభ మీదికి వీచింది.

జె.డి. గారికీ, దమయంతి గారికీ దండలు వేసి పెళ్లికుర్చీల్లో పక్కపక్కన కూర్చోబెట్టారు. ఆవిడ భర్త, అదే బడిలో గుమాస్తా, మూడో వరసలో కూర్చున్నాడు.

"శబ్దము నశ్వరము" అని ప్రారంభించారు జె.డి. గారు. "గాలిలో పుట్టి గాలిలో కలియును. ఆడిట్‌కు దొరకదు. రికార్డు శాశ్వతము. ఇకపై ఈ జిల్లాలో సంగీతము నశించుటకు వీలులేదు!"

జనం అరచేతులు తగలకుండా చప్పట్లు కొట్టారు. దూరం నుంచి చూస్తే ఈగలు తోలుకుంటున్నట్టుంది.

మొదట పక్క మండలం కుర్రాడొకడు వీణ రికార్డు చదివాడు. "వీణ లభ్యము కానందున వీణ ఉన్నట్లు భావించడమైనది. తీగలు బిగించినట్లు భావించడమైనది. శ్రోతలు కూడా లభ్యము కానందున..."

"అద్భుతం!" అన్నారు జె.డి. గారు. "వనరులు లేవని వాపోని యువత!" కుర్రాడికి యాభైకి నలభై తొమ్మిది. బొమ్మలో ఒక తీగ తక్కువ గీశాడని ఒకటి కోశారు.

తర్వాత పల్లవి వచ్చింది. ముందు బల్ల మీద సన్నాయి పెట్టి ఉంది, దాని మెడకి దారంతో కట్టిన చీటీ మీద 'పరికరం' అని రాసుంది. పల్లవి ప్రయోగం నంబరు ఏడు చదవడం మొదలుపెట్టింది. "...నాలుగవ నిమిషమున పంతులుగారి వేలు లేవడమైనది. ఆలాపన ఆగడమైనది." ఆగింది.

"ఫలితం?" అన్నారు జె.డి. గారు.

"లేదండి."

మృత్యుంజయరావు లేచాడు. "అసంపూర్ణ ప్రయోగం సార్. పైగా వేలు అంటోంది. పరికరాల జాబితాలో వేలు లేదు. ఎక్కడిదీ వేలు? ఎవరిది?"

"ఎవరిదయ్యా ఆ వేలు?" జె.డి. గారు సభని అడిగారు.

చివరి వరసలో ధర్మయ్య పక్కన కూర్చున్న పేర్రాజు మాస్టారు తన సర్వీసులో ఏ ప్రశ్నకీ లేచి నిలబడ్డవాడు కాదు. ఇప్పుడూ బూట్లుంటే ఒంగేవాడే. బల్ల దగ్గర పల్లవి ఎవర్నీ చూడడం లేదు, ఖాళీగా ఉన్న ఆ రెండు గళ్లనీ చూసుకుంటోంది. సీటు వీణ లేని వీణ కుర్రాడికి పోతోంది. పోగొట్టింది తన ఉత్తరం, తన స్టాంపు, తన వేలు.

మాస్టారు లేచాడు. "నాదండి" అని, ఏది అని ఎవరైనా అడుగుతారేమోనని వేలు పైకెత్తి చూపించాడు.

ఇరవై రెండేళ్లుగా ఆ వేలు పైకి లేచాక ఊరికే నిలబడ్డం ఎరగదు. దానంతటదే రెండుసార్లు ఆడింది.

పల్లవి తలెత్తింది. అంతే. చీటీతో సహా పరికరం నోట్లోకి వెళ్లింది. టౌను దాకా వినబడేటట్టు గట్టిమేళం లేచింది. చేతిలో సన్నాయి లేని ధర్మయ్య ముందున్న ఇనపకుర్చీని డోలు చేశాడు. ఎదురుగా పెళ్లికుర్చీలు, దండలు, చెవుల్లో గట్టిమేళం, చేతుల్లో రేకలు... జనం ఇంకేం ఆలోచించలేదు. మొత్తం షామియానా లేచి నిలబడి జె.డి. గారి మీదా దమయంతి గారి మీదా బంతిరేకలు కురిపించింది. ముందు వరసలో ఒక ముసలావిడ కొంగుతో కళ్లొత్తుకుంది. ఎవరో "భోజనాల పందిరెటండీ?" అన్నారు. గుమాస్తా ఒక్కడూ తన గుప్పెట్లో రేకలు గుప్పెట్లోనే ఉంచుకున్నాడు.

"ఏమిటీ శబ్దం! ఎవరిచ్చారు అనుమతి?" జె.డి. గారు నోట్లో పడ్డ రేక ఉమ్మేస్తూ అరిచారు. "ఆ అమ్మాయిని తొలగించండి!"

"ఒక్క నిమిషం సార్" అన్నాడు మృత్యుంజయరావు. ఆయన మొహం ఆ ఏడాదిలో మొదటిసారి వెలిగింది. "వేలు కదిలింది, మేళం మోగింది. ఇదొక్కటే జిల్లాలో కళ్లెదుట రుజువైన ప్రయోగం. తోసెయ్యడానికి లేదు, ఒప్పుకోవడానికీ లేదు. ఒక్క రీడింగే వచ్చింది. ఇంకో రెండు కావాలి."

"అవసరమా?"

"సగటు లేకుండా నేను సంతకం పెట్టలేను సార్. మీ సర్క్యులరే. నాలుగో పేజీ."

జె.డి. గారు నాలుగో పేజీ తిప్పించుకుని చూశారు. కింద ఆయన సంతకమే ఉంది. సర్కారువారి సర్క్యులర్ తిరిగి తిరిగి సర్కారువారి మెడకే చుట్టుకుంది.

మాస్టారు మళ్లీ వేలెత్తాడు. మళ్లీ గట్టిమేళం, మళ్లీ రేకలు. దమయంతి గారు అలవాటుగా పైట భుజం నిండా కప్పుకున్నారు. మూడోసారికి జె.డి. గారే, అక్షింతలు పడే వేళ ఎవరైనా చేసే పని చేశారు, తల కొంచెం వంచారు.

"మూడు రీడింగులూ సమానం" ప్రకటించాడు మృత్యుంజయరావు. "దోషం సున్నా. యాభైకి యాభై." జె.డి. గారు పులిహోర వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూసి, సీటు పల్లవి పేర సంతకం పెట్టేసి లేవబోయారు.

పల్లవి సన్నాయి దించలేదు.

గట్టిమేళం ఆగిన చోట ఒక్క ఊపిరి తీసుకుని కల్యాణి ఎత్తుకుంది. తొందరేమీ లేకుండా, ఎక్కడికీ పోయేది లేనట్టుగా. లేవబోయినవాళ్లు సగం లేచి అలాగే ఉండిపోయారు.

"ఇంకా ఏమిటి? ఆపమనండి!" జె.డి. గారు దమయంతి గారితో అన్నారు. ఆవిడ సభకి అవతలున్న మాస్టారికేసి చూసింది. "మాస్టారూ, వేలు! ఒక్కసారి వేలెత్తండి, ఆగుతుంది!"

నిజమే. ఈ లోకంలో ఆ పిల్లని ఆపగలిగింది ఆ ఒక్క వేలే. మూడొందల తలలు వెనక్కి తిరిగాయి. నాలుగో నిమిషం వచ్చింది. అలవాటు పడ్డ వేలు మెల్లగా లేవబోతోంది. మాస్టారు ఎడంచేత్తో దాన్ని పట్టుకుని, కొంచెం పెనుగులాడి, చొక్కా జేబులోకి దోపి పైన అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పక్కన ధర్మయ్య ఆయనకేసి చూడలేదు. ఇనపకుర్చీ మీద చేతులు మాత్రం మెత్తగా ఆడించాడు.

కల్యాణి అయిదో నిమిషంలో అడుగుపెట్టింది. ఇరవై రెండేళ్లుగా ప్రతి పందిట్లో దాన్ని నాలుగో నిమిషం దగ్గర తెగ్గొట్టినవాడు తనే. అవతల ఇంత ఉందని మాస్టారికి తెలియదు.

వారం తిరక్కుండా మాస్టారికి రెండు మెమోలు వచ్చాయి. ఒకటి: "నిశ్శబ్ద మండలమందు వేలు ఎందుకు ఎత్తితిరో సంజాయిషీ ఇవ్వవలెను." రెండోది: "ఆదేశించినప్పటికీ వేలు ఎందుకు ఎత్తలేదో సంజాయిషీ ఇవ్వవలెను." మాస్టారు రెండింటికీ కలిపి ఒకటే జవాబు రాశాడు: "పొరపాటు జరగడమైనది." ఏది పొరపాటో రాయలేదు. ఎవరూ అడగలేదు.

హాస్టలుకి వెళ్లే ముందురోజు పల్లవి రికార్డు పుస్తకం అప్పగించడానికి వచ్చింది. ఏడో ప్రయోగంలో ఖాళీలు రెండూ నిండాయి. మాస్టారు ఎర్రసిరా పెన్ను తీసి, భాష దిద్దుదామని కళ్లజోడు పెట్టుకున్నాడు.

"పరిశీలన: పులిహోర చల్లారిపోయింది. ఒక్కరూ భోజనానికి లేవలేదు. ఫలితం: కల్యాణికి చివర ఉంది."

మాస్టారు పెన్ను మూత పెట్టేశాడు.